మెట్ట తాబేళ్లు

6 జూలై 2024, శనివారం

చెల్లెలు యేసుమణి ఆటోలో నాలుగు అట్టపెట్టెలు తెచ్చి వసారాలో దింపించింది. విప్పితే పుస్తకాలు. అట్ట మీద నీలం సముద్రం, పడవ, ఇసుకలో తాబేలు. పేరు ‘కడలి నేస్తాలు’. తీర గ్రామాల పిల్లలకు ప్రకృతిని కాపాడడం నేర్పే పుస్తకమని లోపల రాసి ఉంది.

“మార్కాపురంలో సముద్రం ఎక్కడిది?” అన్నాను.

“మనది ప్రకాశం జిల్లా కదక్కా. ప్రకాశానికి సముద్రముంది. కాగితంలో కోస్తా జిల్లా అని ఉంటే సాలు. ఒంగోలు పక్క ఊర్లన్నీ వేరే సంస్థోళ్లు ముందే రాపిచ్చుకున్నారు. మా సంస్థకు తర్లుపాడు పక్క మిగిలింది.”

“అక్కడి పిల్లలు సముద్రం చూడలేదు.”

“అందుకే నేర్పాల. నీ బడి మూతపడి మూడేళ్లాయె. ఊరికే కూర్చునేదానికన్నా శనివారం శనివారం పోయి చెప్పి రా. నువ్వు చెప్తే రాళ్లకైనా వస్తాది.”

అమ్మ పోయినప్పుడు దానికి నాలుగేళ్లు, నాకు పంతొమ్మిది. నాయన పలకల గనికి పోతే చంకనేసుకుని తిరిగాను. అది అడిగిందేదీ కాదనడం నాకు రాలేదు. మొన్నటి దాకా ఏ పని పట్టినా మధ్యలోనే పోయేది. ఇదొక్కటి నిలబడేట్టుంది.

సరేనన్నాను. మోకరించి దాని పని కోసం ప్రార్థన చేశాను.

13 జూలై, శనివారం

నల్లగుట్టపల్లె. తర్లుపాడులో బస్సు దిగి లింగయ్య ఆటోలో వెళ్లాను. బడి వరండాలో ఇరవై ఇద్దరు. మొదటి పాఠం కెరటాలు.

“టీచరమ్మా, సముద్రం మా చెరువంత ఉంటాదా?”

“ఇంకా పెద్దది.”

“ఎండాకాలం ఎండిపోతాదా?”

“పోదు.”

“మరి అంత నీళ్లు పెట్టుకోని మాకెందుకియ్యరు?”

అడిగింది అంకాలమ్మ. గొర్రెల నాగయ్య కూతురు. పదేళ్లు. తల్లి లేదు. జడ తనే వేసుకుంటుందట, ఒకవైపుకు పోయి ఉంది. దగ్గరికి పిలిచి సరిచేశాను.

చాలాకాలానికి నవ్వు వచ్చింది.

3 ఆగస్టు, శనివారం

సముద్రపు నీళ్లు ఉప్పగా ఉంటాయంటే ఎవరూ నమ్మలేదు. చెంబులో ఉప్పు కలిపి చూపించాను. అందరూ తలా గుక్క తాగారు. ఒకడు నిమ్మకాయ ఉంటే బాగుండేదన్నాడు. చెరువు నిండా తుమ్మచెట్లు, చుక్క నీరు లేదు.

17 ఆగస్టు, శనివారం

తాబేలు పాఠం. తల్లి ఇసుకలో గుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు బయటికి వస్తే కుక్కలు, కాకులు. ఊరి పిల్లలు కాపలా కాసి, చేతుల్లో నీటి దాకా తీసుకుపోయి వదలాలి. యేసుమణి పంపిన వీడియో ఫోన్లో చూపించాను. నురగలోకి చిన్న తాబేళ్లు పోతుంటే వరండా అంతా చప్పట్లు.

వచ్చేటప్పుడు అంకాలమ్మ ఏదో అడిగింది. జవాబు చెప్పాను. మోకాళ్ల నొప్పి.

2 సెప్టెంబరు, సోమవారం

మూడు రోజులుగా వాన. నల్లగుట్టపల్లె చెరువులోకి నీళ్లు వచ్చాయని లింగయ్య ఫోన్ చేశాడు. దేవునికి స్తోత్రం.

14 సెప్టెంబరు, శనివారం

మంచి రోజు.

యేసుమణి కూడా వచ్చింది. ఆటో ఆగకముందే పిల్లలు ఎదురు పరుగెత్తి వచ్చారు. “టీచరమ్మా, పదకొండు పట్టినాం! గుట్ట మీద! కుక్కలు తినకముందే పట్టినాం!” గంపలో తాబేళ్లు. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు, నక్షత్రాల్లాగా. చాలా అందంగా ఉన్నాయి. యేసుమణి ఎంతో సంతోషించింది. పిల్లలను చెరువుకట్ట కింద నీళ్లలో వరసగా నిలబెట్టి ఫోటోలు తీసింది. మధ్యలో అంకాలమ్మ, రెండు చేతుల్లో పెద్దది.

“ఒకటి, రెండు, మూడు!” అని అందరూ ఒక్కసారి వదిలారు.

కొన్ని వెనక్కి తిరిగి ఒడ్డుకు రాబోయాయి. “దారి తెలీదు పాపం,” అని పిల్లలు మళ్లీ లోపలికి తోశారు. మూడోసారికి అన్నీ పోయాయి.

ఫోటో నా ఫోన్‌కు కూడా పంపింది.

16 సెప్టెంబరు, సోమవారం

పొద్దున నాగయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రమ్మంటే రాలేదు. చంకలోని తువ్వాలు మూట గచ్చు మీద పెట్టి విప్పాడు. తాబేలు. కాళ్లు బయటికి చాచి ఉన్నాయి. కదలదు.

“ఇట్లాంటివి ఇంకా ఆరు తేలినాయి టీచరమ్మా. ఇవి మెట్టవి. గుట్ట మీద గడ్డి తిని బతికేటివి. వానకు బయటికొస్తాయి. ఈత రాదు వీటికి. మా తాత కాడినుంచి ఇవి దారికడ్డమొస్తే మేమే పక్కకు జరిగి గొర్రెల్ని ఆపుకుంటాం. నీళ్లల్లో ఏసినారంట గదా.”

“తెలియదు,” అన్నాను. నాకు తెలియదని.

“పిల్లోల్లు, వాళ్లకేం తెలుసులే,” అన్నాడు.

పిల్లలకు తెలియదన్నాననుకున్నాడు. సరిదిద్దలేదు.

“పాప అన్నం తింటంలేదు. రెండు ఒడ్డుకొచ్చి బతికినాయి. గంప కింద పెట్టి గడ్డేస్తాంది. కోలుకున్నాక గుట్ట మీద ఇడిసొస్తాం. చచ్చినవాటిని దొడ్డెనక పూడుస్తా. కుక్కల పాలు సెయ్యలేను.”

మూట కట్టుకుని పోయాడు. నీళ్లయినా ఇవ్వలేదు నేను.

17 సెప్టెంబరు, మంగళవారం

యేసుమణికి చెప్పాను. “ఫోటో హైదరాబాదులో డబ్బులిచ్చేటోళ్లకు పంపించేసినానక్కా. వాళ్లకు శానా నచ్చింది. ఇప్పుడు ఇది ఎవరితోనూ అనబాక. తాబేళ్లు, అంతే గదా. ప్రార్థన చెయ్యి,” అంది.

చేశాను.

24 సెప్టెంబరు, మంగళవారం

నాగయ్యను ఫారెస్టు వాళ్లు పట్టుకుపోయారు.

తరచూ మార్కాపురానికి బాడుగకు వచ్చే లింగయ్య బజారులో నన్ను ఎక్కించుకుని, దారిలో ఆటో ఆపి చెప్పాడు. దొడ్డి వెనక కుక్కలు తవ్వి చిప్పలు బయటికి లాగాయట. ఎవరో చూసి ఫోన్ కొట్టారు. జీపు వచ్చింది. తవ్వితే ఏడు, గంప కింద ప్రాణంతో రెండు. అమ్మడానికి పెట్టుకున్నాడని రాసుకున్నారట.

“మరి చెరువు సంగతి ఎవరూ చెప్పలేదా?”

“ఎవరు సెప్తారు టీచరమ్మా? సెప్తే మా పిల్లోల మీద కేసని అందరూ వాళ్ల పిల్లోల నోర్లు మూసినారు. నాగయ్య గూడా పాప మీదికొస్తాదని నోరు తెరవల్యా. అంకాలు ఒక్కతే జీపెంట పడి టీచరమ్మ చెప్పింది, టీచరమ్మ చెప్పింది అని ఏడ్సింది. ఊర్లో ఒక్కడు నమ్మల్యా. ఆయమ్మ అట్ల చెప్తాదా అంటుండారు.”

ఆటో దిగాక చిల్లర తీసుకోవడం మరిచిపోయాను.

26 సెప్టెంబరు, గురువారం

అమానుల్లా వచ్చాడు. ఫారెస్టు బీటు ఆఫీసరు. ఐదో తరగతి నా దగ్గరే చదివాడు. బూట్లు గుమ్మం బయట విప్పాడు. వస్తాడని ఎట్లా తెలుసో, యేసుమణి ముందే వచ్చి కూర్చుంది.

“టీచర్, నక్షత్ర తాబేలంటే చిన్న కేసు గాదు. ఏండ్ల తరబడి జైలు. వాటిని సంచులకెత్తి పట్నాల్లో అమ్ముకునే ముఠాలుండాయి. మా పైవాళ్లు నాగయ్యను ఆ కతలో చూస్తుండారు. నాకు అట్ల అనిపించల్యా. అమ్ముకునేటోడు చంపి పూడుస్తాడా? ఆ పాపేమో టీచరమ్మ చెబితే నీళ్లల్లో ఇడిసినాం అంటాంది. పిల్లోల్ల మాట ఫైల్లో నిలబడదు. మీరు చెప్పండి. మీరు ఏది చెబితే అది రాస్తా.”

యేసుమణి నా గ్లాసులో నీళ్లు పోసింది. గ్లాసు నిండే ఉంది. బల్ల మీద ఒలికాయి.

“పుస్తకంలో సముద్రపు తాబేళ్ల పాఠముంది నాయనా,” అన్నాను. “అది చెప్పాను.”

“మెట్ట తాబేళ్ల గురించి?”

“పుస్తకంలో లేదు.”

రాసుకున్నాడు. కాగితం మడుస్తూ నవ్వాడు. “సాలు టీచర్. మీరు అబద్ధం చెప్పరు. ఆ పొద్దు నేను పలక పగలగొట్టి పక్కోని మీద చెప్పినందుకు మధ్యాన్నం దాకా నిలబెట్టినారు, గుర్తుందా?”

గుర్తుంది.

అతను పోయాక యేసుమణి నా రెండు చేతులూ పట్టుకుంది. “దేవుడు నీ నోట మంచి మాట పెట్టినాడక్కా.”

నేను అబద్ధం ఆడలేదు. పుస్తకంలో ఉన్నది ఉందన్నాను. లేనిది లేదన్నాను.

28 సెప్టెంబరు, శనివారం

క్లాసుకు వెళ్లలేదు. మోకాళ్లు.

29 సెప్టెంబరు, ఆదివారం

చర్చిలో నాగయ్య కోసం ప్రార్థించమని అందరినీ అడిగాను. అందరూ ప్రార్థించారు. ఆయన ఎవరని ఒక్కరూ అడగలేదు. మనసు తేలికైంది.

5 అక్టోబరు, శనివారం

మోకాళ్లు.

9 అక్టోబరు, బుధవారం

అంకాలమ్మ బడి మానేసి గొర్రెల వెంట పోతోందట. వేళకు పక్కింటి అవ్వ ఇంత వండి పెడుతోందట. నాగయ్య ఇంకా సబ్ జైల్లోనే. లింగయ్య నేనడగకుండానే చెబుతాడు. ఆటో ఎక్కడం మానేయాలి.

నేను అబద్ధం ఆడలేదు.

19 అక్టోబరు, శనివారం

ఈరోజుది పూర్తిగా రాయాలి.

హైదరాబాదు వాళ్లు అన్ని ఊళ్ల ‘నేస్తాల’నూ కొత్తపట్నం సముద్రం దగ్గరికి పిలిపించారు. చీకటితోనే వ్యాన్‌లో బయలుదేరాం. నల్లగుట్టపల్లె పిల్లలు ఇరవై ఒక్కరు. అంకాలమ్మ పేరు జాబితాలో లేదు. యేసుమణి రాసిన జాబితా.

సముద్రం కనబడగానే పిల్లలు గట్టిగా అరుస్తారనుకున్నాను. ఒకడు నెమ్మదిగా వంగి వేలు ముంచి నాలుకకు పెట్టుకున్నాడు. “టీచరమ్మా, ఉప్పే,” అన్నాడు. నన్ను అంతవరకూ నమ్మలేదేమో.

పందిట్లోకి వెళ్తే వేదిక పక్కన గోడంత ఫ్లెక్సీ. ఆ ఫోటో. చెరువులో మోకాలి లోతు నీళ్లలో అంకాలమ్మ, చేతుల్లో నక్షత్రాల తాబేలు, పళ్లన్నీ కనబడేట్టు నవ్వు. యేసుమణి చుట్టూ చూసింది. “వద్దని చెప్పినా, వేసినారు,” అంది. పోయి దాని ముందు నిలబడింది. భోజనాలకు కూడా కదల్లేదు. చీర కొంగు పరచి నిలబడ్డట్టు నిలబడింది. అంత బొమ్మ మనిషి చాటుకు పట్టదు. వచ్చిన పెద్దలు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. బొమ్మను ఎవరూ చూడలేదు.

చూసింది ఒక పిల్ల. అక్కడి పడవలవాళ్ల పిల్ల, ఏడెనిమిదేళ్లు. యేసుమణి పక్కనుంచి తొంగి చూసింది.

“ఇది నీళ్లలో ఉండేది కాదు కదండీ. మా తాబేళ్లకి కాళ్లు తెడ్లలా ఉంటాయి. దీనికి గోళ్లున్నాయి చూడండి. నడిచేది. నీళ్లలో ఎందుకేస్తున్నారు?”

“చాక్లెట్ తింటావా?” అంది యేసుమణి.

“చచ్చిపోద్ది కదా,” అంది ఆ పిల్ల నాతో. నేను పెద్దదాన్నని, నాకు తెలిసి ఉంటుందని.

ఒక్క చూపులో చెప్పేసింది. నేను కాళ్లు చూడనేలేదు. నక్షత్రాలు చూశాను.

ఆగస్టు 17న రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. పాఠం అయిపోయింది. లింగయ్య హారన్ కొడుతున్నాడు. అంకాలమ్మ నా సంచి పట్టుకుని ఆటో దాకా వచ్చింది. “టీచరమ్మా, మా గుట్ట మీద గూడా తాబేళ్లుండాయి. మా నాయన ముట్టుకోనీడు. వాటిని గూడా నీళ్లల్లో ఇడవాల్నా?”

“అవును,” అన్నాను.

తెలియదు అనడానికీ ఒక్క మాటే పట్టేది. మీ నాయనను అడుగు అని ఉండొచ్చు. పిల్ల అడిగిన ప్రశ్నకు తెలియదనడం ముప్పై ఏళ్లలో నేను నేర్చుకోలేదు.

20 అక్టోబరు, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. కాగితం రాశాను. ‘వాటిని కూడా నీళ్లలో వదలాలని అంకాలమ్మకు చెప్పింది నేను. వదిలేటప్పుడు నేనూ, నా చెల్లెలూ అక్కడే ఉన్నాం. నాగయ్య చచ్చినవాటిని పూడ్చాడు, అంతే.’ సంతకం పెట్టాను.

రేపు ఇస్తాను.

21 అక్టోబరు, సోమవారం

వాన. వెళ్లలేదు.

22 అక్టోబరు, మంగళవారం

వాన తగ్గింది. రేపు.

24 అక్టోబరు, గురువారం

యేసుమణికి చెప్పకుండా ఇవ్వడం ధర్మం కాదనిపించింది. పిలిచి కాగితం చూపించాను.

చదివింది. కోపపడలేదు. కిందికి జారి గోడకానుకుని కూర్చుంది, చిన్నప్పుడు జ్వరం వస్తే కూర్చున్నట్టు.

“అక్కా, నా కింద ఆరుగురు పని చేస్తుండారు. ఇది బయటికొస్తే రేపే తలుపులేస్తారు. ఆయప్పకు బెయిలొస్తాదంట, నేను కనుక్కున్నా. నీ కాగితం అక్కర్లేదు. నువ్వే పెంచి, నువ్వే నన్ను రోడ్డు మీద నిలబెడతావా?”

“ఆ పిల్ల కూడా తల్లి లేనిదే.”

“నేను గాదా?”

అది కాగితం చించలేదు. మడతపెట్టి, బీరువా తెరిచి, నా చీరల కిందికి తోసింది. నేను చూస్తూ ఉన్నాను. బీరువా తాళం నా కొంగునే ఉంది.

2 నవంబరు, శనివారం

ప్రార్థన చేశాను. మాటలు రాలేదు. మోకాళ్ల మీద ఊరికే ఉన్నాను.

6 నవంబరు, బుధవారం

నాగయ్యకు బెయిలు వచ్చిందట. చూశావా అంది యేసుమణి. కేసు మాత్రం నడుస్తుందట. ఇక కాగితం అవసరం లేదనిపించింది. దేవుడు తన దారిలో తాను చేస్తాడు.

10 నవంబరు, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి నాగయ్య, అంకాలమ్మ గేటు దగ్గర ఉన్నారు. ఈసారి బలవంతంగా లోపలికి పిలిచాను. నాగయ్య బాగా చిక్కిపోయాడు. కుర్చీలో కూర్చోలేదు. సంచిలోంచి ‘కడలి నేస్తాలు’ తీసి బల్ల మీద పెట్టాడు. పేపరు అట్ట వేసి ఉంది. ఒక్క మడత లేదు.

“దీన్ని ఇచ్చిపోదామని వచ్చినాం. పాప ఇంగ రాదు. గొర్రెలు చూసుకుంటాది.”

అంకాలమ్మ కనుబొమ మీద గుడ్డ కట్టు.

“ఏమైందమ్మా?”

“పొట్టేలు పొడిసింది.”

నాగయ్య గొంతు సవరించుకున్నాడు. “ఇంగోటి టీచరమ్మా. మీ మీద పాప అట్ల చెప్పినందుకు నాకు తలకాయ ఎత్తుకోనీకె ల్యా. ఫారెస్టు సారు గూడా చెప్పినాడు, టీచరమ్మను అడిగినా, అట్ల చెప్పలేదంట అని. నన్ను తప్పిచ్చనీకె అట్ల చెప్పిందేమో. ఎంతైనా తప్పు తప్పే. అడుగు పాపా. క్షమించమని అడుగు.”

అంకాలమ్మ నన్ను చూసింది. రెప్ప వేయలేదు. నేను చెబుతానని చూసింది. అంత సేపు ఇచ్చింది నాకు. ఇది సబ్ జైలు కాదు, కేసు కాదు, యేసుమణి కూడా లేదు ఇంట్లో. ఒక్క మాట చాలు.

“కాఫీ తాగుతారా?” అన్నాను.

పిల్ల చూపు దించుకుంది. “నేనే కల్పిచ్చి చెప్పినా టీచరమ్మా. మీరు చెప్పల్యా. క్షమించండి.”

తడబడలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పదేళ్ల పిల్ల నా అబద్ధాన్ని తన మీద వేసుకుని, దానికి క్షమాపణ కూడా అడిగి, గేటు దగ్గరగా వేసి మరీ పోయింది. నా దగ్గర నేర్చుకున్నవాటిలో అదొక్కటే తప్పు లేకుండా వచ్చింది.

11 నవంబరు, సోమవారం

బీరువా తెరిచాను. చీరలన్నీ కింద పడ్డాయి. వాటిని తీయకుండానే బయలుదేరాను.

అమానుల్లా రెండుసార్లు చదివాడు. తేదీ చూశాడు.

“ఇరవయ్యో తారీకు రాసినారు. ఇన్ని దినాలు ఎందుకు పట్టింది టీచర్?”

కాగితం కింద ఇంకా ఖాళీ ఉంది. అందులో రాయమంటే రాసేదాన్నే. ఏమని?

“నిలబెట్టు నాయనా,” అన్నాను. “మధ్యాహ్నం దాకా.”

అతను నవ్వలేదు. “కేసుకు పనికొస్తాది. ముందే ఇచ్చి ఉంటే కేసే ఉండేది గాదు,” అన్నాడు. ముద్ర వేసుకున్నాడు.

యేసుమణికి ఫోన్లో చెప్పాను. అక్కా అనలేదు. పెట్టేసింది. మళ్లీ చేయలేదు.

అక్కడినుంచి నల్లగుట్టపల్లె. అంకాలమ్మ దొడ్డి ఊడుస్తోంది. నిలబడే చెప్పాను, కాగితంలో ఏం రాశానో, ఎవరికి ఇచ్చానో.

చీపురు ఆపలేదు. “నాకెందుకు చెప్తావ్ టీచరమ్మా? నాకు తెల్సు గదా. మా నాయనకు చెప్పు.”

“ఎక్కడ?”

గుట్ట వైపు గడ్డం చూపించింది.

ఈ మోకాళ్లతో గుట్ట ఎక్కాను. రెండు నెలలు దాని కింద పాఠాలు చెప్పి, ఒక్కసారీ ఎక్కలేదు. పైన రాళ్లు, బోదగడ్డి, రేగుకంపలు. నాగయ్య బండ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అంతా చెప్పాను. ఆటో హారన్ కూడా చెప్పాను.

కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

“అయితే పాప చెప్పింది నిజమేనా?”

“నిజమే.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని నిలబడ్డాను.

“నేను కొట్టినా టీచరమ్మా,” అన్నాడు. “బెయిలొచ్చి ఇంటికొచ్చినాక. దాని మీద ఎప్పుడూ చెయ్యెత్తినోన్ని గాదు. టీచరమ్మ మీద అబద్ధాలు చెప్తావా అని ఈ కర్రతోనే కొట్టినా. కొడతాన్నంతసేపు నిజమే నాయనా, నిజమే నాయనా అనింది.”

గొర్రెలు గుట్ట అవతలికి దిగిపోతున్నాయి. అతను వాటిని పిలవలేదు.